ఆమిష్ ప్రేమకథల్లో ఆ వెలి ఎందుకు? అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి

మాధవి_హారిస్‌బర్గ్:

అందరికీ నమస్కారం. మేముండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ దగ్గర. లాంకాస్టర్ కౌంటీ మాకు కారులో గంట దూరం. అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చింది. వచ్చిన రెండో వారం ఆమిష్ వాళ్లు కూరగాయలు, రొట్టెలు అమ్మే సంతకు తీసుకెళ్లాను. (ఆమిష్ అంటే కార్లూ హంగులూ వద్దనుకుని, సాదా బట్టలతో, గుర్రబ్బండ్లతో పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవులు.) ఆ రోజు నుంచి ఆ తెల్ల టోపీల ఆడవాళ్ల గురించే కబుర్లు. సరే, వాళ్ల కథలే చెబుదామని లైబ్రరీకి వెళితే ఆమిష్ ప్రేమకథలకు ఒక అర మొత్తం కేటాయించి ఉంది!

బెవర్లీ లూయిస్ 1997లో రాసిన 'ది షన్నింగ్' (అంటే సంఘం నుంచి వెలి) అనే నవల తెచ్చాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను రెండు అధ్యాయాలు చదివి అమ్మకు తెలుగులో చెబుతున్నాను. పెళ్లి కుదిరిన అమ్మాయికి అటక మీద పసిపాపకు తొడిగే శాటిన్ గౌను దొరుకుతుంది. ఆమిష్ ఇంట్లో శాటిన్ ఉండదు. మరి అదెవరిది? అక్కడితో అమ్మకు నిద్ర పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నమే పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

చివరికి ఆ పిల్లను సంఘం వెలివేస్తుంది. అప్పుడు అమ్మ అడిగింది: "ఇష్టం లేని పిల్లను పోనివ్వొచ్చు కదే. కన్నతల్లి కూడా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టకూడదా? అంత దేవుడంటే భయం ఉన్నవాళ్లు, ఇదేం పని?" నాకు జవాబు తెలియలేదు. పుస్తకంలో బాధ ఉంది కానీ కారణం నాకు సరిగ్గా అందలేదు. ఇక్కడ ఈ కథలు చదివేవాళ్లు, ఆ ఊళ్ల దగ్గర ఉండేవాళ్లు ఉంటే చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది.

పుస్తకాల_గూడు:

మాధవి గారూ, నాలాంటివాళ్లు ఇంకొకరు ఉన్నారని తెలిసి ఎంత సంతోషమో! నేను ఇలాంటివి ఇరవైకి పైగా చదివాను. నా ప్రాణమంతా పెళ్లిళ్ల దగ్గరే. లాంకాస్టర్ వైపు పంటలు ఇంటికి చేరాక, అక్టోబరు చివర మొదలై డిసెంబరు దాకా పెళ్లిళ్ల కాలం. ఇప్పుడు వసంతంలో కూడా చేస్తున్నారట. ఎక్కువగా మంగళ, గురువారాల్లోనే. పెళ్లి భోజనంలో కోడిమాంసం, రొట్టెముక్కలు కలిపి చేసే 'రోష్ట్', దాంతోపాటు సెలరీ కూర తప్పనిసరి. అందుకని ఆడపిల్ల ఉన్న ఇంటి పెరట్లో ఆ ఏడు సెలరీ ఎక్కువ వేశారంటే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. ఒక్క ముద్దు సన్నివేశం లేకుండా సెలరీ మడితో ప్రేమకథ నడిపిస్తారు. అది నాకు ఎంతో నచ్చుతుంది.

వెలి సంగతి నాకూ సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్ల కోసం చూస్తుంటాను.

శ్రీధర్_ఒహాయో:

నేను ఒహాయోలో, ఆమిష్ వాళ్లు ఎక్కువగా ఉండే హోమ్స్ కౌంటీకి దగ్గర్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటి వెనక వరండా కట్టిన వడ్రంగులు ఆమిష్ వాళ్లే. (వాళ్లు కానివాళ్లందరినీ వాళ్లు 'ఇంగ్లీషువాళ్లు' అంటారు. తెలుగువాణ్నైనా వాళ్ల లెక్కలో నేనూ ఇంగ్లీషువాణ్నే.)

మాధవి గారూ, అమ్మగారి ప్రశ్నకు జవాబు బాప్తిస్మంలో ఉంది. ఆమిష్ ఇంట పుట్టినంత మాత్రాన ఎవరూ ఆమిష్ సంఘ సభ్యులు కారు. పదహారేళ్లు వచ్చాక పిల్లలు ఆదివారం సాయంత్రాలు పాటల కూటాలకు వెళతారు. అబ్బాయి తన గుర్రబ్బండిలో అమ్మాయిని ఇంటి దగ్గర దిగబెడతాడు. ఈ వయసునే 'రుమ్‌ష్ప్రింగా' అంటారు. ఆ తర్వాత, సాధారణంగా పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య, ఎవరికి వాళ్లు నిర్ణయించుకుని బాప్తిస్మం తీసుకుంటారు. తీసుకునే ముందు పెద్దలే చెబుతారు, మాట ఇచ్చి తప్పడం కంటే ఇవ్వకపోవడం మంచిదని. మోకాళ్ల మీద నిలబడి, దేవుడి ముందు, సంఘం ముందు, 'ఓర్డ్‌నుంగ్' అనే వాళ్ల నియమాలకు కట్టుబడతామని ప్రమాణం చేస్తారు.

వెలి ఆ ప్రమాణం చేసి తప్పినవాళ్లకే. బాప్తిస్మం తీసుకోకుండా వెళ్లిపోయిన పిల్లకు వెలి లేదు. తల్లిదండ్రులు ఏడుస్తారు, ఊరు బాధపడుతుంది, కానీ పండక్కి వస్తే అందరితో కలిసి బల్ల దగ్గరే కూర్చుంటుంది. నవలల్లో చాలామంది రచయితలు సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు. టౌను కుర్రాణ్ని ఇష్టపడింది కాబట్టి వెలి అని రాసేస్తారు. ముందు అడగాల్సింది ఆ పిల్ల బాప్తిస్మం తీసుకుందా లేదా అని. మీ అమ్మగారు చదువుతున్న కథలో పిల్ల తీసుకుంది. అందుకే అంత గొడవ.

ఇంకొకటి. తప్పు ఒప్పుకుని సంఘం ముందు మోకరిస్తే మళ్లీ చేర్చుకుంటారు. పదేళ్ల తర్వాత వచ్చినా సరే. వాళ్ల దృష్టిలో వెలి అనేది తిరిగి రమ్మని పిలిచే పిలుపు. లోపల ఉన్నవాళ్లకు అది అలా అనిపిస్తుందో లేదో నేను చెప్పలేను.

మాధవి_హారిస్‌బర్గ్:

శ్రీధర్ గారూ, చాలా థ్యాంక్స్. అమ్మకు చదివి వినిపించాను. "అంటే మొక్కు అన్నమాట" అంది వెంటనే.

పాలమూరు_పిల్ల:

మాధవి అక్కా, అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. ప్రసంగి గ్రంథం ఐదో అధ్యాయంలో ఇదే మాట ఉంది, మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని.

నేను ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. మాది గద్వాల దగ్గర పల్లె. నేను మెన్నోనైట్‌ని, అంటే ఆమిష్ వాళ్లు ఏ క్రైస్తవ శాఖ నుంచి విడిపోయారో ఆ శాఖదాన్ని. అవును, తెలుగు మెన్నోనైట్‌ని! మా పాలమూరు, నల్గొండ వైపు ఎంబీ చర్చి అంటే అందరికీ తెలుసు. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరన్. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసన్ అనే మిషనరీ వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్‌లు హైదరాబాద్ చుట్టుపక్కల మొదలుపెట్టారు. తర్వాత మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, దేవరకొండ, షంషాబాద్... జడ్చర్ల మిషన్ దవాఖానలో పుట్టినవాళ్లు మా చుట్టాల్లో ఎంతమందో.

కానీ మెన్నోనైట్ ప్రేమకథ అని ఉన్న పుస్తకం తీస్తే అట్ట మీద ఎప్పుడూ ఒక తెల్ల అమ్మాయి, టోపీ, గోధుమ పొలం. ఇంటర్‌లో మొదటిసారి చూసినప్పుడు వీళ్లకూ మాకూ ఒకే పేరు ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను. పాస్టర్ గారిని అడిగితే చెప్పారు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొంతమంది, చంటిపిల్లలకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదు, తెలిసి ఒప్పుకున్న పెద్దవాళ్లకే ఇవ్వాలి అని ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. దానికి శిక్ష మరణం. రెండేళ్లకే ఫెలిక్స్ మాంజ్‌ను అక్కడి లిమ్మాట్ నదిలో ముంచి చంపేశారు. తర్వాత హాలండ్ వైపు మెన్నో సైమన్స్ అనే మాజీ కేథలిక్ ఫాదర్ ఇదే విశ్వాసంలోకి వచ్చాడు, ఆయన పేరే మాకు. 1693లో యాకబ్ అమ్మాన్ అనే పెద్ద విడిపోయాడు, ఆయన వెంట వెళ్లినవాళ్లు ఆమిష్. ఆ విడిపోవడానికి పెద్ద కారణమే వెలి! వెలివేసినవాళ్లతో భోజనం కూడా చేయకూడదని అమ్మాన్ పట్టుబట్టాడు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు.

ప్రాణాలు పోతాయని తెలిసి తీసుకున్న బాప్తిస్మం కాబట్టి ఆ మాటకు అంత బరువు. ఇది తెలియకుండా ఆ నవలలు చదివితే పెద్దవాళ్లందరూ రాతిగుండెల వాళ్లలాగే కనిపిస్తారు.

మా ఇళ్లలో కరెంటు ఉంది, ఫోన్లు ఉన్నాయి, అమ్మాయిలు ఇంజినీరింగ్ చదువుతారు. టోపీ లేదు. కానీ మా నాయనమ్మ ప్రార్థనకు మోకరించే ముందు కొంగు తీసి తల మీద కప్పుకునేది. మా చర్చిలో ఇప్పటికీ ఆడవాళ్లు అంతే. ఆ తెల్ల టోపీకీ, ఈ కొంగుకూ ఆధారం ఒక్కటే, మొదటి కొరింథీయులు పదకొండో అధ్యాయం. ఆ సంగతి తెలిశాక ఆ అట్ట మీద అమ్మాయి నాకు పరాయిదానిలా అనిపించలేదు.

పుస్తకాల_గూడు:

ఇరవై నవలలు చదివి కూడా ఈ సంగతేదీ నాకు తెలియలేదు. చాలా బాగా చెప్పావమ్మా.

నిర్మల_టీచర్_ఒంగోలు:

అందరూ బాగా రాస్తున్నారు. ఒక్క మాట మీద నాకు అభ్యంతరం ఉంది, చెప్పనివ్వండి. షన్నింగ్‌కు 'వెలి' అన్న మాట అంత సులువుగా వాడొద్దు. మన పల్లెల్లో వెలి అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక దళిత కుటుంబం కూలి పెంచమని అడిగిందని, కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుందని, పెద్దకులపు పిల్లను వాళ్ల అబ్బాయి ఇష్టపడ్డాడని కిరాణా కొట్లో సరుకు ఇవ్వకుండా చేశారు. వాళ్లెవరూ ఏ ప్రమాణమూ చేయలేదు. వాళ్లకు మోకరించి తిరిగొచ్చే దారి కూడా లేదు, ఎందుకంటే వాళ్ల నేరం పుట్టుక. నా క్లాసులో అలాంటి ఇంటి పిల్లలు ఉన్నారు. ఆమిష్ వాళ్లది తెలిసి చేసిన ప్రమాణం తప్పినందుకు. రెంటికీ ఒకే మాట పెడితే మన దగ్గర జరిగేది కూడా ఏదో ఆచారంలాగా వినిపిస్తుంది.

శ్రీధర్_ఒహాయో:

నిర్మల గారూ, మీరు చెప్పింది పూర్తిగా నిజం. నేను అలవాటుగా రాసేశాను. వాళ్ల మాటే వాడదాం. 'మైడుంగ్' అంటారు, అంటే ఎడంగా ఉండడం. తెలుగులో 'సహపంక్తి మానడం' అంటే దగ్గరగా వస్తుందేమో. ఒకే బల్ల మీద తినకపోవడం, వాళ్ల చేతి నుంచి వస్తువు తీసుకోకపోవడం, వాళ్ల కారు ఎక్కకపోవడం, ఇలాంటివి. అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 1927లో పెన్సిల్వేనియా సోమర్‌సెట్ కౌంటీలో మోజెస్ బీచీ అనే బిషప్, వేరే మెన్నోనైట్ సంఘంలో చేరినంత మాత్రాన జీవితాంతం మైడుంగ్ వద్దన్నాడు. దాంతో అక్కడా చీలిక వచ్చింది. అంటే వాళ్లలో వాళ్లకే ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేదు.

కథాకళి_కమల:

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. అసలు ఈ కథలు ఎవరు రాస్తున్నారో కూడా చూడాలి. దాదాపు అందరూ ఆమిష్ కాని క్రైస్తవ రచయిత్రులు, చదివేవాళ్లలోనూ ఎక్కువమంది బయటి ఎవాంజెలికల్ ఆడవాళ్లే. బెవర్లీ లూయిస్ అమ్మమ్మ ఓల్డ్ ఆర్డర్ మెన్నోనైట్ (పాత పద్ధతులు వదలని మెన్నోనైట్‌లు) ఇంట పుట్టి, బయటి అబ్బాయిని పెళ్లి చేసుకోవడానికి ఆ జీవితం వదిలేసింది. ఆ కథకు మూలం అదే. కాబట్టి ఆమెకు కనీసం ఇంటి బాధ తెలుసు. కానీ ఆ తర్వాత వచ్చిన వరద చూడండి. వాలరీ వీవర్-జర్చర్ అనే మెన్నోనైట్ రచయిత్రి 2013లో ఈ నవలల మీదే ఒక పరిశోధన గ్రంథం తెచ్చారు. 2012లో సగటున నాలుగు రోజులకొక కొత్త ఆమిష్ ప్రేమ నవల వచ్చిందని అందులో లెక్క కట్టారు. నాలుగు రోజులకొకటి రాస్తే ఓర్డ్‌నుంగ్ ఏ జిల్లాలో ఎలా ఉందో ఎవరు చూస్తారు? లాంకాస్టర్‌లో గుర్రబ్బండి పైకప్పు బూడిద రంగు, చాలా చోట్ల నలుపు, మిఫ్లిన్ కౌంటీలో తెలుపూ పసుపూ కూడా ఉన్నాయి. బండి రంగు చూసి వాళ్లది ఏ సంఘమో అక్కడివాళ్లు చెప్పేస్తారు. అట్ట మీద మాత్రం ఏ బండి దొరికితే అది.

ఈ గొడవ కొత్తదీ కాదు. 1904లో హెలెన్ మార్టిన్ అనే ఆవిడ పెన్సిల్వేనియా మెన్నోనైట్ అమ్మాయి మీద ఒక నవల రాసింది. బాగా అమ్ముడైంది. అందులో ఆ జనం మొరటువాళ్లు, చదువంటే పడనివాళ్లు. ఆమిష్ ఇంట పుట్టిన జోసెఫ్ యోడర్ అలాంటి రాతలు చూసి నొచ్చుకుని, 1940లో తన తల్లి కథ రాశాడు, 'రోజానా ఆఫ్ ది ఆమిష్'. ఆవిడ పుట్టుకతో ఐరిష్ కేథలిక్. పసితనంలోనే తల్లి పోతే ఒక ఆమిష్ ఆవిడ పెంచుకుంది. పెరిగి ఆమిష్ అబ్బాయినే చేసుకుంది. కొడుకు తల్లి పెళ్లికథ రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, వంటిల్లూ పొలమూ పాటలూ అన్నీ చూసి రాసినవే. నా మటుకు నాకు ఇరవై కొత్త నవలల కంటే అదొక్కటి ఎక్కువ.

పుస్తకాల_గూడు:

కమల గారూ, మీ మాట కాదనను. కానీ అందరివీ అలా తీసిపారేయకండి. లిండా బైలర్ స్వయంగా ఆమిష్ సంఘంలో ఉంటూ నవలలు రాస్తున్నారు. ఆవిడ కథల్లో నాయిక లిజీకి కోపం వస్తుంది, అసూయ పడుతుంది, తిండి మీద ఆశ ఉంటుంది. బయటివాళ్లు రాసే దేవకన్య కాదు. నేను మొదట అట్ట చూసి మామూలుదే అనుకుని తీసుకున్నాను, రెండో అధ్యాయానికే తేడా తెలిసింది.

రవళి_డల్లాస్:

నన్ను క్షమించండి, నాకు ఈ నవలలు చదువుతుంటే ఊపిరాడదు. ఆ అమ్మాయి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల మత స్వేచ్ఛ కింద దాన్ని ఒప్పుకుంది కూడా. విడాకులు లేవు. బయట చుట్టాలెవరూ ఉండరు. ఇలాంటప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్ల తెలిసి ప్రమాణం చేసిందని మనం ఎలా అంటాం? ఉన్న ఒక్క ఇంటినీ వదులుకోవడమా, మాట ఇవ్వడమా అని అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? నవలలో చివరికి మంచి భర్త దొరుకుతాడు, పొలం పచ్చగా ఉంటుంది. మంచి భర్త దొరకని పిల్ల కథ ఏది? మా పెద్దమ్మ కూతురి పెళ్లి గుర్తొచ్చి రాస్తున్నాను, అంతకంటే చెప్పలేను.

పాలమూరు_పిల్ల:

రవళి అక్కా, మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. నేనూ దానికి పూర్తి జవాబు చెప్పలేను. ఇంట పుట్టిన పిల్లల్లో నూటికి ఎనభై ఐదు మందికి పైగా సంఘంలోనే చేరుతున్నారని విన్నప్పుడు నాకూ అదే అనిపించింది, ఇష్టమెంత, భయమెంత అని.

మీరు వీలైతే 'సైలెంట్ లైట్' అనే సినిమా చూడండి. కార్లోస్ రెగాదాస్ 2007లో తీశాడు. మెక్సికోలో చిహువాహువా వైపు ఉన్న మెన్నోనైట్‌ల మధ్య, వాళ్లు మాట్లాడే ప్లౌట్‌డీచ్ అనే ఒక రకం జర్మన్ భాషలో, ఎక్కువ మంది మెన్నోనైట్‌లే నటించారు. పెళ్లై పిల్లలున్న రైతు ఇంకొక ఆవిడను ప్రేమిస్తాడు. ఎవరినీ చెడ్డవాళ్లను చేయలేదు. భార్య వానలో కారు దిగి చెట్టు దగ్గర ఏడ్చే చోట నేను సినిమా ఆపేసి కాసేపు కూర్చున్నాను. మీరడిగిన కథకు దగ్గరగా ఉన్నది నాకు తెలిసినంతలో అదే.

రవళి_డల్లాస్:

తప్పకుండా చూస్తానమ్మా. థ్యాంక్స్.

పుస్తకాల_గూడు:

రవళి గారూ, మీ మాట నన్ను పొద్దున నుంచి వదల్లేదు. నాకు పెళ్లిళ్లే ఇష్టమని మొదట రాశాను కదా. పెళ్లి నాడు కట్టుకున్న తెల్ల ఏప్రన్ మడతపెట్టి దాచుకుని, పోయిన రోజున మళ్లీ అదే కట్టి సమాధి చేస్తారని ఒక నవలలో చదివాను. అప్పుడు ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఇప్పుడు మళ్లీ తలుచుకుంటే అందంతో పాటు భయం కూడా వేస్తోంది.

మాధవి_హారిస్‌బర్గ్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు రోజులుగా భోజనం తర్వాత నవల బదులు ఈ చర్చే చదివి వినిపిస్తున్నాను. నిర్మల గారి మాట విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఊళ్లో ఒక కుటుంబం పేరు చెప్పి, "వాళ్లకు ఎవరు ఏ ప్రమాణం అడిగారు" అంది.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. శ్రీధర్ గారూ, ఒకే బల్ల మీద తినకూడదంటే, ఆ పిల్ల నిజంగా ఇంటికి వస్తే ఏం చేస్తారు? పస్తుండమంటారా?

శ్రీధర్_ఒహాయో:

లేదండీ. అన్నం పెట్టకుండా పంపరు. వేరే బల్ల వేస్తారు. కొన్ని ఇళ్లలో ఏం చేస్తారంటే, రెండు బల్లలను మధ్యలో కొద్దిగా సందు ఉంచి పక్కపక్కనే వేసి, రెంటి మీదా కలిపి ఒకే గుడ్డ పరుస్తారు. నియమం ప్రకారం రెండు బల్లలే. చూసేవాళ్లకు మాత్రం ఒకటే బల్ల.

మాధవి_హారిస్‌బర్గ్:

అమ్మకు చెప్పాను. "ఆ గుడ్డ పరిచింది తల్లే అయ్యుంటుంది" అంది.

రేపు లైబ్రరీలో 'రోజానా' కోసం అడుగుతాను. కమల గారూ, దొరక్కపోతే మిమ్మల్నే అడుగుతాను.